అరవై మంది ఆడపిల్లలు

(బెళుగుప్ప హైస్కూలు వరండాలో, కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ళ సమావేశంలో ఒక టీచరమ్మ చేసిన ప్రసంగం ఇది. ఆమె మాట్లాడినట్లే రాశాము.)

 

పనులు పక్కన పెట్టి వచ్చినారు. చాలా సంతోషం. గేటు దగ్గర నిలబడిన వాళ్ళు కూడా లోపలికి రండి. చెప్పులు విడవాల్సిన పని లేదు. ఇక్కడ కూర్చోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

వచ్చేటప్పుడు ఒక అక్క గేటు మీది బోర్డు కూడబలుక్కుని చదువుతా ఉంటే విన్నాను. 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, బెళుగుప్ప'. చదివేసి నన్ను అడిగింది. "ఉన్నత పాఠశాల అంటే పెద్దబడి. అది తెలుసు. ఈ జిల్లా పరిషత్ ఎవరు మేడం? ఈ బడి ఆయనదా?"

మేము నవ్వుకున్నాము. కానీ అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. పదేళ్ళు ఇదే బడిలో చదివిన పిల్లలు కూడా ఆ ప్రశ్న వేయరు.

జిల్లా పరిషత్ అంటే ఒక మనిషి కాదు. జిల్లా మొత్తానికి ఉండే ప్రజల సభ. మనం ఓట్లు వేసి జడ్‌పీటీసీ సభ్యులను పంపుతామే, వాళ్ళు కూర్చునే సభ. అంతకు ముందు జిల్లా బోర్డులు ఉండేవి. 1959లో చట్టం వచ్చి జిల్లా పరిషత్తులు ఏర్పడినాయి. పల్లెల్లో ఉండే హైస్కూళ్ళు చాలావరకు వాటి కిందికి వచ్చినాయి. అందుకే ఆ పేరు. అయ్యవార్లకు జీతం ఇచ్చేది ప్రభుత్వం. ఆ డబ్బు ఎక్కడిది? మీరు సబ్బు కొంటే పన్ను. నూనె కొంటే పన్ను. కాబట్టి బోర్డు చదివిన అక్కకు నా జవాబు ఇది. ఈ బడి ఆయనది కాదు. నీదే.

ఇప్పుడు ఒక పాత సంగతి చెప్తాను. రెండు వందల ఏళ్ళ కిందటిది.

మన్రో దొర పేరు విన్నారా? మన సీమలో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆయన మొదట మన ప్రాంతానికి కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరు అయినాడు. 1822లో ఆయన కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపినాడు. మీ జిల్లాలో బళ్ళు ఎన్ని? చదివే పిల్లలు ఎంతమంది? లెక్క రాసి పంపండి, అని.

అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో వచ్చింది. అంతకు ముందు మన పల్లెలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. బళ్ళారి కలెక్టరు పేరు క్యాంప్‌బెల్. ఆయన 1823లో లెక్క పంపినాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. దాంట్లో ఏముందో వినండి.

జిల్లా జనం 9 లక్షల 27 వేల పైన. బళ్ళు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యి మంది జనంలో ఏడుగురు కూడా లేరు. బళ్ళలో 226 తెలుగువి. 235 కన్నడంవి. మనది సరిహద్దు సీమ కదా, రెండూ కలిసే ఉండేవి.

ఆ 6,641 మందిలో ఆడపిల్లలు ఎంతమందో చెప్పండి చూద్దాం.

వెయ్యా? కాదు. ఐదు వందలా? కాదు.

అరవై మంది.

జిల్లా మొత్తానికి అరవై. ఇప్పుడు ఈ వరండాలో మనమే అంతమంది ఉన్నట్లున్నాము.

ఆ అరవై మంది పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. ఏ ఊరి పిల్లలో తెలియదు. కానీ వాళ్ళు కూర్చున్న బడి ఎట్లుండేదో క్యాంప్‌బెల్ రాసినాడు. పొద్దున ఆరు గంటలకే బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది మర్యాద. రెండోవానికి సున్న చుట్టేవారు. మెప్పూ లేదు, తిట్టూ లేదు అని గుర్తు. మూడోవానికి ఒక చిన్న దెబ్బ. నాలుగోవానికి రెండు. ఇట్లా ఆలస్యం పెరిగే కొద్దీ దెబ్బలు పెరిగేవి!  నేల మీద ఇసుక పరచి వేలితో అక్షరాలు దిద్దించేవారు. మీరు కూడా మొదట్లో వేలితోనే దిద్దినారు కదా!

తక్కిన పిల్లలు బడికి ఎందుకు రాలేదు? దానికి కూడా ఆయన కారణం రాసినాడు. ఇంగ్లండు నుంచి బట్టలు వచ్చి పడినాయి. ఇక్కడి నేతపని దెబ్బతినింది. జనం బీదవాళ్ళయినారు. పిల్లల లేత చేతులకు కాస్త పని చేసే శక్తి వచ్చిందంటే చాలు, ఆ చేతులు ఇంటికి కావాల్సి వస్తున్నాయి, అని.

ఈ మాట చదివినప్పుడు నాకు మన శెనక్కాయ చేను గుర్తొచ్చింది.

మన పైరు సంగతి మీకు నేను చెప్పాలా? జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అదునుకు రాదు. జూన్, జూలైలో పదునైతే విత్తనం వేస్తాము. బడి తెరిచేది కూడా జూన్‌లోనే. విత్తనానికి కాయలు ఒలవాల. ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాల. తర్వాత కలుపు. దసరా దాటితే చెట్లు పీకడం, కాయలు కోయడం. బడిలో ముఖ్యమైన పాఠాలు జరిగేది కూడా అప్పుడే. పంట పోతే ఇంకా కష్టం. మూట కట్టుకుని బెంగుళూరు పోవాల. జీడిపల్లి చెరువులోకి హంద్రీ–నీవా నీళ్ళు వచ్చినాక కొన్ని ఊర్ల కష్టం తగ్గింది. అన్ని ఊర్లదీ తగ్గలేదు.

ఇట్లా బడి క్యాలెండరు ఒక దారి, చేను క్యాలెండరు ఇంకొక దారి. రెంటి మధ్యలో నలిగేది ఆడపిల్ల. మగపిల్లవాడు కూడా చేనికి పోతాడు. కాదనను. కానీ చంటిబిడ్డను ఎత్తుకోవడానికి బడి మానింది అక్కా, తమ్ముడా? మీరే చెప్పండి.

నాకు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. బడి పేరు, ఊరి పేరు చెప్పను.

1990ల్లో నేను ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెప్తా ఉన్నాను. తొమ్మిదో తరగతికి క్లాసు టీచర్ని. ఒక అమ్మాయి ఉండేది. మంచి తెలివి. నోటిలెక్కలు నాకంటే ముందు చెప్పేది. శెనక్కాయ పీకే కాలం వచ్చింది. బడి మానింది. నలభై రోజులు రాలేదు. తర్వాత ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అప్పటికి బీజగణితం నడుస్తా ఉంది. అంకెల చోట అక్షరాలు వచ్చినాయి. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నన్ను అడగలేదు. సిగ్గుపడింది. మరుసటి రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

నేను ఊరుకోలేదు. ఉత్తరం రాసి, ఆ ఊరి పిల్లవాని చేతికి ఇచ్చి పంపినాను. నాలుగే మాటలు రాసినాను. 'మీ పాపను వెంటనే బడికి పంపండి. పోయిన పాఠాలు సాయంత్రం నేను చెప్తాను. డబ్బు ఏమీ కట్టనక్కరలేదు. భయపడవద్దని చెప్పండి.'

జవాబు రాలేదు. వాళ్ళకు ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇంకా ముప్పై మంది పిల్లలు ఉన్నారు. వాళ్ళ పనిలో పడిపోయినాను.

రెండేళ్ళు గడిచినాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒకామె బడికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చినిగిపోయి ఉంది. చూస్తే నా చేతిరాతే! ఆమె ఆ పిల్ల తల్లి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళకు చదువు రాదు. బడి నుంచి వచ్చిన కాగితం, ఏదో ముఖ్యమైనదని రేకుపెట్టెలో పట్టా పాసుపుస్తకం కింద భద్రంగా దాచింది. పిల్లను చదివి చెప్పమని అడిగిందట. మానేసిన పిల్ల కదా, భయపడి 'ఏమీ లేదు, ఊరికే రాసినారు' అనిందట. తర్వాత ఊర్లో రాత్రిబడి పెట్టినారు. ఈమె అక్షరాలు నేర్చుకుంది. ఒకరోజు పెట్టె సర్దుతా ఉంటే ఆ కాగితం కనపడింది. తానే కూడబలుక్కుని చదువుకుంది.

అప్పటికి పిల్లకు పెళ్ళయి ఆరు నెలలు.

ఆమె నన్ను ఒక్క మాట అడిగింది. "ఇందులో ఇంత మాట ఉందని తెలిసుంటే పంపకుండా ఉందునా మేడం?"

నేను జవాబు చెప్పలేకపోయినాను. తప్పు ఆమెది కాదు. చదవడం రాని ఇంటికి కాగితం పంపి, నా పని అయిపోయిందనుకున్నాను. ఆ ఊరు బడికి ఐదు కిలోమీటర్లు. నడిచి పోయుంటే గంట పట్టేది. అప్పటి నుంచి పిల్ల వరసగా మూడు రోజులు రాకపోతే నేనే పోతాను. కాగితం పంపను.

కానీ ఇప్పుడు మీకు కాగితం పంపినా ఫరవాలేదు. మీరు చదువుతారు. ఈరోజు మిమ్మల్ని పిలిచింది అందుకే. ఈ బడిలో మీరు చదవాల్సిన కాగితాలు చాలా ఉన్నాయి.

మొదటిది పుట్టిన తేదీ. నవ్వొస్తుందేమో గానీ, నా పుట్టినరోజు రికార్డులో జూలై 1. నిజంగా నేను పుట్టింది శెనక్కాయలు పీకే కాలంలో అని మా అమ్మ చెప్పేది. బడిలో చేర్చేటప్పుడు తేదీ ఎవరికీ తెలియలేదు. అయ్యవారు తనకు అనుకూలమైన తేదీ వేసినాడు. నా వయసు వాళ్ళలో జూలై 1న పుట్టిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో! పది సర్టిఫికెట్లో ఏ తేదీ పడితే అదే జీవితాంతం. ఉద్యోగానికి అదే. రిటైరు కావడానికి అదే. పేరు కూడా అంతే. ఆధార్‌లో ఒక రకం, బడిలో ఒక రకం ఉంటే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల. పిల్లను చేర్చేటప్పుడే రిజిస్టరు అడగండి. మీ కళ్ళతో చదవండి. తప్పుంటే అక్కడే దిద్దించండి.

రెండోది మార్కుల కార్డు. దాని మీద వేలిముద్ర వేసి పంపే రోజులు పోయినాయి. సంతకం పెట్టే ముందు మార్కుల కంటే ఎక్కువగా హాజరు చూడండి. ఎన్ని రోజులు బడి జరిగింది? మీ పాప ఎన్ని రోజులు వచ్చింది? మార్కులు తగ్గితే మళ్ళీ తెచ్చుకోవచ్చు. హాజరు తగ్గితే పిల్ల చేయి జారుతా ఉందని అర్థం.

ఇంకా పుస్తకాలు. ఇప్పుడు ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. 2020 నుంచి ఇట్లా రావడం మొదలైంది. ఇంగ్లీషు మీడియం అంటే చాలామంది తల్లులు 'మాకేం తెలుస్తుంది' అని దూరం జరిగినారు. జరగవద్దు. రాత్రి పాప పక్కన కూర్చుని తెలుగు పేజీ మీరు చదవండి. ఇంగ్లీషు పేజీ ఆమె చదువుతుంది. మీకూ అక్షరాలు మరచిపోకుండా ఉంటాయి. నేను చెప్పడం కాదు, ఇక్కడ ఇద్దరు ముగ్గురు అక్కలు ఇప్పటికే అట్లా చదువుతా ఉన్నారు.

బడిలో పిల్ల రోజంతా ఏం చేస్తుందో మీలో చాలామంది చూసి ఉండరు. చెప్తాను. పొద్దున బెల్లు కొడితే అందరూ వరసల్లో నిలబడతారు. పాట, తర్వాత ప్రతిజ్ఞ. దేశమంతా పిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞను మొదట తెలుగులో రాసింది మన తెలుగు ఆయనే, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో. ఒక పాప ముందుకు వచ్చి పేపరు చదువుతుంది. మొదటి రోజు ఆ పాప కాళ్ళు వణుకుతాయి. నెల తిరిగేసరికి గొంతు గేటు దాకా వినపడుతుంది. నాకు బడి మొత్తంలో చాలా ఇష్టమైన సమయం అదే.

తర్వాత పాఠాలు. ఆరు సబ్జెక్టులు. మధ్యాహ్నం భోజనం. మన రాష్ట్రంలో బళ్ళలో వండి పెట్టడం 2003లో చిన్నబళ్ళతో మొదలైంది. 2008లో హైస్కూలు పిల్లలకు కూడా వచ్చింది. గుడ్డు, శెనక్కాయల చిక్కీ పెడతారు. రాగిజావ 2023లో మొదలుపెట్టినారు. చాలా బళ్ళలో వంట చేసేది మీలాంటి సంఘం అక్కలే. భోజనం బాగాలేకపోతే మొహమాటపడవద్దు. వచ్చి ఒక ముద్ద తిని చూడండి. సాయంత్రం ఖోఖో, కబడ్డీ. 'ఆడపిల్లకు ఆటలెందుకు' అని కొందరు అమ్మలు అంటారు. ఆడే పిల్ల బడి మానదు. నా అనుభవం అది.

ఒక్క మాట మొగవాళ్ళు లేరు కాబట్టి చెప్తాను. పిల్ల పెద్దమనిషి అయినాక నెలలో నాలుగైదు రోజులు బడి మానుతుంది. మరుగుదొడ్డిలో నీళ్ళు లేకపోతే, తలుపుకు గడియ లేకపోతే, ఏ పిల్ల వస్తుంది? నెలకు నాలుగు రోజులంటే ఏడాదికి నలభై రోజులు. మళ్ళీ అదే నలభై! ఈ సంగతి హెడ్‌మాస్టరుతో పిల్ల చెప్పలేదు. మీరు చెప్పాల.

ఎట్లా చెప్పాల? దానికి కమిటీ ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఎనిమిదో తరగతి దాకా చెప్పే సర్కారు బడికి కమిటీ ఉండాల. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. పెద్దబళ్ళలో కూడా తల్లిదండ్రుల కమిటీలు ఉన్నాయి. మీ పేర్లు రాస్తారు. మీటింగుకు మాత్రం మొగుడు వచ్చి సంతకం పెట్టి పోతాడు! ఇకమీద మీరే రండి. తీర్మానం పుస్తకం చదివిన తర్వాతే సంతకం పెట్టండి. మరుగుదొడ్డి గడియ గురించి అందులో ఒక వాక్యం రాయించండి. రాసిన మాటకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

దూరం సంగతి. మన మండలంలో పల్లె నుంచి పల్లెకు దూరాలు ఎక్కువ. ఊర్లో చిన్నబడి ఐదో తరగతితో ఆగిపోతుంది. ఆరుకు పెద్దబడికి పోవాల. అక్కడే చాలామంది ఆగుతారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కానీ బస్సు వస్తే కదా! రాని ఊర్లు ఉన్నాయి. ఆ ఊరి పిల్లలు ఐదారుగురు కలిసి నడవాల. ఒక్కదాన్నే పంపాలంటే ఏ తల్లికైనా భయమే. అందుకే ఒక పాప మానితే ఆ దారిలో తక్కిన నలుగురూ మానుతారు. ఈ లెక్క గుర్తుంచుకోండి. మీ పక్కింటి పాపను కూడా మీరే లేపి పంపండి.

వలస పోయేవాళ్ళు పిల్లను వెంట తీసుకుపోవద్దు. హాస్టళ్ళు ఉన్నాయి. బడి మానిన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టినారు. అక్కడ తిండి, చదువు, పడక అన్నీ ఉచితం. మూట కట్టుకునే ముందు ఒకసారి బడికి వచ్చి అడగండి.

డబ్బు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2020లో అమ్మఒడి వచ్చింది. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. పథకాల పేర్లు మారుతాయి. రెండింటిలోనూ డబ్బు తల్లి ఖాతాలోకే వేసినారు. ఆ డబ్బు పాప నోటుపుస్తకాలకు అయ్యిందో, ఇంకెక్కడికి పోయిందో మీ బ్యాంకు పుస్తకం చెప్తుంది. దాన్ని కూడా చదవండి.

చివరగా పదో తరగతి. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 100 మార్కులు. 35 వస్తే పాసు. హిందీలో 20 చాలు. ఒక సబ్జెక్టు పోతే లోకం మునిగిపోదు. ఎండాకాలం అయిపోయే లోపలే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఆ ఒక్క పేపరు రాస్తే చాలు. కానీ మన దగ్గర ఏం జరుగుతుంది? పిల్ల లెక్కల్లో ఫెయిలయిందని తెలిసిన వారానికే సంబంధం వస్తుంది! పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే చట్టం ఒప్పదు. పిల్లకు గానీ, మీకు గానీ భయమైతే 1098కి ఫోను చేయండి. డబ్బులు పడవు.

ఇంకో సంగతి. సార్వత్రిక పాఠశాల అని ఒకటి ఉంది. పద్నాలుగేళ్ళు నిండిన ఎవరైనా అందులో చేరి పది పరీక్ష రాయవచ్చు. పై వయసుకు హద్దు లేదు. ఇంతకు ముందు నేను చెప్పిన అమ్మాయి, ఉత్తరం చేరని అమ్మాయి, ముప్పై దాటినాక అట్లా పది రాసింది. లెక్కల్లో 71. నాకు ఫోను చేసి మార్కులు చెప్పింది. "బీజగణితం ఎవరు చెప్పినారు?" అని అడిగాను. "మా కొడుకు" అనింది.

సరే, ఎండ ఎక్కుతా ఉంది. ఆ బల్ల మీద ఉన్నవి ఆరు నుంచి పది దాకా హాజరు పట్టీలు. ఒక్కో తరగతికి ఒకటి. హెడ్‌మాస్టరు గారు మీకోసమే బయట పెట్టించినారు. కళ్ళజోడు తెచ్చుకోని అవ్వలకు నేను సాయం చేస్తాను. తక్కిన వాళ్ళు మీ పాప పేరు మీరే వెతకండి. 'ఆ' అని ఉంటే ఆబ్సెంటు. ఈ నెలలో ఎన్ని 'ఆ'లు ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి. మూడు కంటే ఎక్కువ ఉన్న వాళ్ళు నా దగ్గరికి రండి. మాట్లాడుకుందాం.